శీర్షికలో & ముందున్న సగం ఎక్కడికి పోతోంది? (ఆండ్రాయిడ్, ఎక్స్ఎంఎల్ పార్సింగ్)

సగంశీర్షిక | రాత్రి 11:48

మూడు రాత్రులుగా ఒకే బగ్గు పట్టుకుని వేలాడుతున్నాను. ఇంక నా వల్ల కాక ఇక్కడికొచ్చాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నేను చేస్తున్నది కథల ఆడియో యాప్. ఆండ్రాయిడ్ మాత్రమే, చేసేది నేనొక్కడినే. కథల జాబితా ఒక సర్వర్ నుంచి ఎక్స్ఎంఎల్‌గా (ప్రతి సమాచారం చుట్టూ ట్యాగులు పెట్టి రాసే ఫైల్) వస్తుంది. ఆ సర్వర్ నా చేతిలో లేదు. దాన్ని చూసేవాళ్లకి మెయిల్ పెడితే వారానికి జవాబు వస్తుంది, అదీ వస్తే. ఇప్పటికి జాబితాలో 412 కథలున్నాయి. శాక్స్ పార్సర్‌తో (ఫైల్‌ని వరసగా చదువుతూ, దొరికినదాన్ని నా కోడ్‌కి అందించేది) చదివి, ఒక్కో కథనీ ఫోన్ డేటాబేస్‌లో వేసుకుని, తెర మీద చూపిస్తున్నాను. 375 కథలు చక్కగా వస్తాయి. మిగతా 37 నన్ను ఏడిపిస్తున్నాయి.

ఏడిపించే ఎంట్రీ ఒకటి చూడండి. ట్యాగుల పేర్లు మీకోసం తెలుగులోకి మార్చాను, అసలు ఫైల్లో వేరే ఉన్నాయి.

<కథ>
<శీర్షిక>ప్రశ్నలు &#38; జవాబులు</శీర్షిక>
<విభాగం>&#3108;&#3142;&#3122;&#3137;&#3095;&#3137;</విభాగం>
</కథ>

38 అంటే & గుర్తు అని తెలుసు. విభాగంలో ఉన్న అంకెలన్నీ కలిపితే "తెలుగు" అని కూడా తెలుసుకున్నాను. కొన్ని ఎంట్రీల్లోనే ఇలా అంకెలు వస్తాయి, మిగతావాటిలో మామూలు తెలుగు అక్షరాలే ఉంటాయి. రెండు రకాల ఫారాల నుంచి ఎక్కిస్తున్నారేమో.

తెర మీద ఏం కనిపిస్తోందంటే: శీర్షిక దగ్గర "జవాబులు" ఒక్కటే. ప్రశ్నలూ లేవు, & కూడా లేదు. పైగా ఆ జవాబులు మిగతా శీర్షికలతో సమానంగా మొదలవకుండా ఒక వెంట్రుక మందం కుడికి జరిగి ఉంటుంది. విభాగం దగ్గర అక్షరం అసలు లేదు. చుక్కలతో గీసిన ఒక గుండ్రం, దానికి ఒక కొమ్ము. "జానపదం" అని ఉండాల్సిన చోట సున్నా ఒక్కటే ఉంది. "కథ" అని ఉండాల్సిన చోట "థ" ఉంది. మొదట ఫాంట్ సమస్య అనుకుని నాలుగు ఫాంట్లు మార్చాను. కొమ్ము అందం మారింది తప్ప అక్షరం రాలేదు.

తర్వాత నేను చేసిన ఘనకార్యాలు:

పార్స్ చేసేముందే ఫైల్ మొత్తంలో & కనిపించిన ప్రతిచోటా "మరియు" అని మార్చేశాను. శీర్షిక "ప్రశ్నలు మరియు#38; జవాబులు" అయింది. విభాగంలో మరియు ఆరుసార్లు వచ్చింది. ఆడియో లింకుల్లో కూడా & ఉంటుందిగా, వాటి మధ్యలోనూ మరియు దూరి, ఒక్క కథా మోగడం మానేసింది.

సరే, ప్రతి & ని &#38; గా మారుద్దాం అనుకున్నాను. ఈసారి పార్సర్ నోరెత్తలేదు. కానీ విభాగం దగ్గర కొమ్ముకి బదులు #3137; అని అంకె కనిపించింది. కొమ్మే నయం అనిపించింది.

ఇంకో విచిత్రం ఉంది. అసలు ఏ ప్రత్యేక గుర్తూ లేని మామూలు శీర్షిక ఒకటి మధ్యలో తెగి, వెనక సగమే వస్తోంది. ఫీడ్‌లో కొత్త కథ చేరిన రోజు అది బాగైపోయింది, దాని పక్క కథ తెగింది. ఇది చూశాక మాత్రం నాకు భయమేసింది.

నా హ్యాండ్లర్‌లో, అంటే పార్సర్ ఇచ్చేది అందుకునే కోడ్‌లో, పెద్దగా ఏమీ లేదు. క్యారెక్టర్స్ మెథడ్‌లో "ఇప్పుడున్న ట్యాగ్ శీర్షిక అయితే, కథ శీర్షిక = వచ్చిన టెక్స్ట్" అని ఒక్క లైను. విభాగానికి అలాంటిదే ఇంకో లైను. తప్పు చేద్దామన్నా అందులో చోటు లేదనుకుంటున్నాను. ఎక్కడ చూడాలో చెప్పండి, ప్లీజ్.


లైట్‌తీస్కో | రాత్రి 11:59

బ్రో, సర్వర్ వాళ్లకి చెప్పి శీర్షికని సీడేటాలో (లోపలున్నదంతా మామూలు టెక్స్టే అని చెప్పే చుట్టు) పెట్టించు. లోపల ఏ గుర్తు ఉన్నా పార్సర్ పట్టించుకోదు. ఐదు నిమిషాల పని.


సగంశీర్షిక | రాత్రి 12:06

ఐదు నిమిషాల పనే అండీ, కానీ ఆ ఐదు నిమిషాలు వాళ్లకి ఎప్పుడు దొరుకుతాయో తెలీదు. నా వైపు నుంచి ఏం చేయొచ్చో కావాలి.


పాతచొక్కా | ఉదయం 6:20

సగంశీర్షిక గారూ, మీ పోస్టులో జవాబు మీరే రాసేశారు, రెండుసార్లు. ఒకటి ఆ వెంట్రుక మందం. రెండోది ఫీడ్ పెరిగినప్పుడల్లా తెగే కథ మారడం. ఫాంటుకీ, ఎంటిటీలకీ (&#38; లాంటి కోడ్లు), సర్వర్‌కీ ఏ సంబంధమూ లేదు. మీ ఫైల్ శుభ్రంగా ఉంది. తప్పు చేయడానికి చోటే లేదన్న ఆ ఒక్క లైనే దొంగ.

క్యారెక్టర్స్ అనే మెథడ్‌ని పార్సర్ ఒక ట్యాగ్‌కి ఒక్కసారే పిలుస్తుందని మీరు అనుకున్నారు. అది అలాంటి మాటేమీ ఇవ్వలేదు. టెక్స్ట్‌ని ఒకే ముద్దగా ఇవ్వొచ్చు, పది ముక్కలుగానూ ఇవ్వొచ్చు, రెండూ సరైనవేనని శాక్స్ డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. ఆ పేరా చదివినవాళ్లు తక్కువ. నేనూ దెబ్బ తిన్నాకే చదివాను.

మీ శీర్షిక దగ్గర జరిగేది వరసగా చూడండి. శీర్షిక ట్యాగ్ తెరుచుకుంది. క్యారెక్టర్స్ మొదటి పిలుపు: "ప్రశ్నలు", దాని వెనక ఒక ఖాళీ. మీ లైను దాన్ని శీర్షికలో పెట్టింది. రెండో పిలుపు: "&" ఒక్కటే. మీ లైను ప్రశ్నల్ని చెరిపేసి & పెట్టింది. మూడో పిలుపు: ముందు ఒక ఖాళీ, తర్వాత "జవాబులు". & కూడా చెరిగింది. ట్యాగ్ మూసుకుంది. చివరికి మీ దగ్గర మిగిలింది ఆ మూడో ముక్క. మీరు చూసిన వెంట్రుక మందం దాని ముందున్న ఖాళీయే. పార్సర్ & ని మింగలేదు, మీ చేతికిచ్చింది, మీరే దాని మీద ఇంకోటి రాశారు.

ఇప్పుడు విభాగం. ఆండ్రాయిడ్‌లో శాక్స్ కింద పనిచేసేది ఎక్స్‌పాట్ అనే పాత సీ లైబ్రరీ. అది అంకెల్లో రాసిన ప్రతి అక్షరాన్నీ విడిగా ఒక పిలుపుగా ఇస్తుంది. "తెలుగు" అంటే మన కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌కి ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆరు పిలుపులు, చివరిది 3137, అంటే కొమ్ము. కూర్చోడానికి హల్లు లేని గుణింతపు గుర్తు ఒంటరిగా వస్తే ఫోన్ దానికి చుక్కల గుండ్రం ఒకటి గీసి అక్కడ కూర్చోబెడుతుంది. మీరు చూసింది అదే. "జానపదం"లో చివరిది సున్నా, "కథ"లో చివరిది థ. ఒక్కటీ తప్పిపోలేదు చూశారా? ఇంగ్లీషు ఫీడ్ అయితే ఇంత స్పష్టంగా బయటపడేది కాదు, తెలుగు కాబట్టి బగ్గు తన ఆకారం తానే చూపించింది.

గుర్తుల్లేని శీర్షిక తెగడం ఇంకా తేలిక. పార్సర్ ఫైల్‌ని బఫర్ బఫర్‌గా, అంటే కొంత కొంతగా మెమరీలోకి తెచ్చుకుని, చదువుతుంది. బఫర్ చివర మీ శీర్షిక నడిమధ్యన పడితే, అప్పటిదాకా ఉన్న ముక్క ఇచ్చేసి, మిగతాది తర్వాతి బఫర్‌తో ఇస్తుంది. కొత్త కథ పైన చేరితే కిందివన్నీ జరుగుతాయి, బఫర్ అంచు వేరే కథ మీద పడుతుంది. అందుకే సీడేటా సలహా పనికిరాదు. సీడేటా లోపలున్న టెక్స్ట్‌నీ ఇలాగే ముక్కలు చేస్తుంది, మీకు 37 కాస్తా నాలుగో ఐదో అవుతాయి, అంతే. అప్పుడు దొరకడం ఇంకా కష్టం. కొత్త లైను కూడా ఎక్స్‌పాట్ విడి పిలుపుగానే ఇస్తుంది, కథ పరిచయం లాంటి పెద్ద ఫీల్డులు ఉంటే అక్కడా చూసుకోండి.

మందు: ఒక స్ట్రింగ్‌బిల్డర్, అంటే టెక్స్ట్ ముక్కల్ని పోగుచేసేది. ట్యాగ్ తెరుచుకున్నప్పుడు దాన్ని ఖాళీ చేయండి. క్యారెక్టర్స్‌లో అపెండ్ (వచ్చినదాన్ని వెనక చేర్చడం) మాత్రమే చేయండి, ఇంకే ఆలోచనా పెట్టుకోవద్దు. ట్యాగ్ మూసుకున్నప్పుడు, అంటే ఎండ్ఎలిమెంట్‌లో, పోగైనదాన్ని తీసుకుని శీర్షికలో పెట్టండి.

ఇది చేసేటప్పుడు కాలు జారే చోట్లు కొన్ని ఉన్నాయి. క్యారెక్టర్స్‌కి వచ్చే క్యారెక్టర్ అరే మొత్తం మీది కాదు. స్టార్ట్ దగ్గర మొదలై లెంగ్త్ ఎంతో అన్ని అక్షరాలే మీ టెక్స్ట్, మిగతాది పార్సర్ బఫర్‌లో పాత చెత్త కావచ్చు. ట్రిమ్ (చివరల ఖాళీలు తీసేయడం) చేయాలనుకుంటే ఎండ్ఎలిమెంట్‌లో ఒక్కసారి చేయండి. ముక్క ముక్కకీ ట్రిమ్ చేస్తే "ప్రశ్నలు&జవాబులు" అని అతుక్కుపోతాయి. ఇంకోటి, శీర్షిక లోపల బోల్డ్ లాంటి చిన్న ట్యాగ్ ఉంటే, అది తెరుచుకోగానే మీ బిల్డర్ ఖాళీ అయి ముందరి టెక్స్ట్ పోతుంది. అలాంటివి వచ్చే ఫీడ్ అయితే ప్రతి ట్యాగ్‌కీ ఒక బిల్డర్ చొప్పున స్టాక్‌లో పెట్టుకోవాలి. మీ ఫీడ్ చూస్తే ఆ అవసరం రాదనిపిస్తోంది.

మీరు రాసిన రీప్లేస్‌లు రెండూ తీసేయండి, ఇప్పుడే. ప్రతి & నీ &#38; గా మార్చడమంటే, అప్పటికే సరిగ్గా రాసి ఉన్న ఎంటిటీని ఇంకోసారి చుట్టడం. పార్సర్ ఒక పొర విప్పుతుంది, లోపల ఇంకో పొర మిగులుతుంది. అందుకే తెర మీద అంకె కనిపించింది.

చాలా ఏళ్ల క్రితం నాకూ ఇదే జరిగింది. మనుషుల పేర్లున్న జాబితా, పేర్లలో అపాస్ట్రఫీ ఉన్నవాళ్లు మాత్రం సగం పేర్లతో వచ్చేవారు. నేను అపాస్ట్రఫీ కోడ్‌ని ఖాళీతో రీప్లేస్ చేసి, బగ్గు మూసేశానని రాసి, ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత ఇంకెవరిదో పేరు బఫర్ అంచున తెగింది. ఆ ఎనిమిది నెలలూ నేను దాన్ని దాచాను, బాగు చేయలేదు.


రెండుఫోన్లు | ఉదయం 9:05

పాతచొక్కా గారు చెప్పింది ఐఫోన్‌కీ అక్షరాలా వర్తిస్తుంది. అక్కడి ఎక్స్ఎంఎల్‌పార్సర్‌లో ఫౌండ్‌క్యారెక్టర్స్ అనే డెలిగేట్ మెథడ్ ఉంటుంది, అదీ ముక్కలుగానే ఇస్తుంది. అక్కడా అతికించుకోవాల్సిందే.

కానీ నన్నడిగితే ఆండ్రాయిడ్‌లో ఇలాంటి పనికి శాక్స్ ఎందుకండీ? పుల్ పార్సర్ వాడండి, అది మనం అడిగినప్పుడే తర్వాతిది ఇస్తుంది. శీర్షిక ట్యాగ్ మొదట్లో నిలబడి నెక్స్ట్‌టెక్స్ట్ అని పిలిస్తే, ఎంటిటీలు, సీడేటా, బఫర్ అంచులు అన్నీ అదే చూసుకుని మొత్తం స్ట్రింగ్ చేతికిస్తుంది. లోపల ఇంకో ట్యాగ్ ఉంటే మాత్రం ఎక్సెప్షన్ విసురుతుంది. విసరడమే మంచిది, సగం ఇచ్చి ఊరుకోవడం కంటే.

నెక్స్ట్‌కి బదులు నెక్స్ట్‌టోకెన్ వాడితే మళ్లీ ఎంటిటీ వేరు, సీడేటా వేరు, కామెంట్ వేరు అని విడివిడిగా వస్తాయి. ఎడిటర్ రాసేవాళ్లకి తప్ప అది అక్కర్లేదు.

డామ్ (ఫైల్ మొత్తాన్ని చెట్టులా మెమరీలో పెట్టే పద్ధతి) వాడేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే: మీకు బగ్గు తిరగబడి కనిపిస్తుంది. శీర్షికలో కాస్త మామూలు టెక్స్ట్, కాస్త సీడేటా కలిసి ఉంటే అవి రెండు నోడ్లవుతాయి. మొదటి పిల్ల నోడ్ విలువ అడిగితే ముందు సగమే వస్తుంది, వెనక సగం పోతుంది. గెట్‌టెక్స్ట్‌కంటెంట్ అడగండి, గొడవ ఉండదు.

ఇంకో మాట, ఇన్‌పుట్ ఇచ్చేటప్పుడు స్ట్రీమ్‌ని నేరుగా పార్సర్‌కే ఇచ్చేయండి, ఎన్‌కోడింగ్ దగ్గర నల్ పెట్టండి. ఫైల్ మొదటి లైను చూసి అదే తెలుసుకుంటుంది. మీరు ముందే స్ట్రింగ్‌గా మార్చి ఇస్తే ఆ తెలివితేటలన్నీ వృథా.


సగంశీర్షిక | రాత్రి 10:31

ముందు దండాలు. పాతచొక్కా గారు రాసింది చదివి ఆఫీసులోనే నవ్వాను, పక్క సీటాయన ఏమైందన్నాడు. ఇంటికొచ్చి స్ట్రింగ్‌బిల్డర్ పెట్టాను. పదకొండు లైన్ల మార్పు. 37లో 37 బాగయ్యాయి. "ప్రశ్నలు & జవాబులు" నిండుగా కనిపిస్తుంటే కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. ఆ మూడు పిలుపుల్నీ లాగ్‌లో ప్రింట్ చేసి మరీ చూశాను, మీరు చెప్పిన వరసే, మూడో దాని ముందు ఖాళీతో సహా.

ఇక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రం ఫీడ్‌లోకి 413వ కథ వచ్చింది. ఇప్పుడు జాబితా మొత్తం రావడం లేదు. పార్సర్ ఒక లైను దగ్గర "నాట్ వెల్‌ఫార్మ్‌డ్, ఇన్వాలిడ్ టోకెన్" అని ఆగిపోతోంది. ఆ లైను ఎడిటర్‌లో తెరిస్తే తప్పేమీ కనిపించలేదు. హెక్స్ వ్యూయర్‌లో (ఫైల్‌ని బైట్ బైట్‌గా చూపించేది) చూస్తే రెండు పదాల మధ్య 0B, అంటే 11 అనే బైట్ ఒకటి ఉంది. ఎవరో వర్డ్ ప్రాసెసర్ నుంచి కాపీ చేసి అతికించినట్టున్నారు.

నేనేం చేశానో దాచకుండా చెబుతాను. స్ట్రీమ్‌ని 1024 బైట్ల చొప్పున చదివి, ఒక్కో ముక్కనీ స్ట్రింగ్‌గా మార్చి కలిపి, కంటికి కనబడని అక్షరాలన్నీ తీసేసే ఒక రెగెక్స్ (అక్షరాల్ని వెతికి పట్టే నమూనా) నెట్‌లో దొరికితే దాన్ని నడిపి, ఆ స్ట్రింగ్‌ని పార్సర్‌కి ఇచ్చాను. 413వ కథ వచ్చింది. దాంతోపాటు ఇంకో రెండు సమస్యలొచ్చాయి. ఒకటి, అక్కడక్కడా అక్షరం పోయి నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తోంది. రెండోది, "పోస్ట్‌కార్డు" అని చక్కగా ఉండే శీర్షిక "పోస్ట్కార్డు" అయిపోయింది, స కింద ఒత్తులన్నీ వేలాడుతున్నాయి. నేను ముట్టుకున్నదల్లా ఇంకో రూపంలో పాడవుతోంది. టెన్షన్‌గా ఉంది, ఆదివారం కొందరికి చూపిస్తానని మాటిచ్చాను.


పాతచొక్కా | రాత్రి 11:15

టెన్షన్ పడకండి, ఈసారి మూడు వేర్వేరు విషయాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక్కోటీ చిన్నదే.

11 అంటే వర్టికల్ ట్యాబ్. ఎక్స్ఎంఎల్ 1.0లో 32 కంటే కింద ఉన్న కోడ్లలో మూడింటికే ప్రవేశం: 9, 10, 13. అంటే ట్యాబ్, కొత్త లైను, క్యారేజ్ రిటర్న్. మిగతావి నేరుగా రాసినా తప్పే, &#11; అని అంకెల్లో ముసుగేసి రాసినా తప్పే, సీడేటాలో దాచినా తప్పే. పార్సర్ ఆగిపోవడం దాని హక్కు. 1998లో ఈ స్టాండర్డ్ రాసినవాళ్లు కావాలనే అంత కఠినంగా పెట్టారు, చెడిన ఫైల్‌ని ఊహించి సరిచేయకూడదని. మీ సర్వర్ వాళ్లకి మెయిల్ పెట్టాల్సింది ఇప్పుడు. మొన్నటిది మీ తప్పు, ఇది వాళ్లది. ఏ లైను, ఏ బైట్ అని రాసి పంపండి, తొందరగా కదులుతారు.

నల్ల డైమండ్ మీ 1024 వల్ల. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. 1024 మూడుతో తెగదు. ముక్క అంచు అక్షరం మధ్యలో పడితే, ఒక బైట్ ఈ ముక్కలో, రెండు బైట్లు ఆ ముక్కలో ఉండిపోతాయి. విడివిడిగా స్ట్రింగ్ చేస్తే ఏ ముక్కా అక్షరం కాదు, రెండువైపులా డైమండ్లు. చూశారా, మళ్లీ అదే కథ: ముక్కలు వచ్చాయి, మీరు ఒక్కో ముక్కా సంపూర్ణమనుకున్నారు. బైట్లన్నీ పోగయ్యాక ఒక్కసారి స్ట్రింగ్ చేయండి. లేదా యూటీఎఫ్-8 అని పేరు చెప్పి ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్ పెట్టండి, తెగిన అక్షరాన్ని అది దాచి ఉంచి తర్వాతి బైట్లతో కలుపుకుంటుంది.

పోస్ట్‌కార్డు మీ రెగెక్స్ పని. తెలుగులో పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపడానికి ఒక కనబడని అక్షరం ఉంటుంది, దాని అంకె 8204. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "పోస్ట్" తర్వాత అది ఉంటేనే "కార్డు" పక్కన విడిగా నిలబడుతుంది. మీరు తెచ్చిన రెగెక్స్ యూనికోడ్‌లో పెద్ద సీ అక్షరంతో పిలిచే వర్గం మొత్తాన్ని ఊడ్చేసేది అయ్యుంటుంది. ఆ వర్గంలో కంట్రోల్ అక్షరాలతోపాటు ఫార్మాట్ అక్షరాలూ ఉంటాయి, 8204 అందులోదే. దాని పక్కనున్న 8205 కూడా పోతుంది, అప్పుడు కుటుంబం బొమ్మ ఎమోజీలో తల్లి, తండ్రి, పిల్లలు విడిపోయి వరసగా నిలబడతారు. ఆ రెగెక్స్ రాసినాయన ఇంగ్లీషు టెక్స్ట్ కోసం రాసుకున్నాడు, ఆయన తప్పేమీ లేదు. మనకి కనబడనిదంతా చెత్త కాదు.

మీకు కావాల్సిన జల్లెడ చాలా చిన్నది: కోడ్ 32 కంటే తక్కువ, 9 కాదు, 10 కాదు, 13 కాదు అయితే దాని బదులు ఒక ఖాళీ పెట్టండి. తీసేయకండి, రెండు పదాలు అతుక్కుంటాయి. సర్వర్ బాగయ్యాక కూడా ఆ జల్లెడ ఉంచుకోవచ్చు, బరువేమీ కాదు. కానీ జల్లెడ పట్టిన ప్రతిసారీ లాగ్‌లో ఒక లైను రాయించండి, లేకపోతే నా ఎనిమిది నెలల కథే.

ఎటూ ఈ దారిలో ఉన్నారు కాబట్టి రాబోయే రెండు చెబుతాను. ఆ వర్డ్ ప్రాసెసర్ మనిషే ఏదో రోజు వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు తెస్తాడు, అవి &#146; అని వస్తాయి. పార్సర్ ఏమీ అనదు, తెర మీద ఏమీ కనబడదు. 146 అనేది పాత విండోస్ పట్టికలో అంకె, యూనికోడ్‌లో దాని అసలు చోటు 8217. బ్రౌజర్లు జాలిపడి మార్చి చూపిస్తాయి, ఎక్స్ఎంఎల్ పార్సర్‌కి ఆ జాలి లేదు. రెండోది, వెబ్ పేజీల్లో వాడే ఖాళీ ఎంటిటీ, ఎన్‌బీఎస్‌పీ. ఎక్స్ఎంఎల్‌కి పుట్టుకతో తెలిసిన ఎంటిటీ పేర్లు ఐదే: &, <, >, రెండు రకాల కొటేషన్ గుర్తులు. ఎన్‌బీఎస్‌పీ వాటిలో లేదు, కాబట్టి పార్సర్ తెలీదంటుంది. సర్వర్ వైపు &#160; అని రాస్తే చాలు.


రెండుఫోన్లు | రాత్రి 11:40

సర్వర్ వాళ్లు రాయకపోతే, పుల్ పార్సర్‌లో డిఫైన్‌ఎంటిటీరీప్లేస్‌మెంట్‌టెక్స్ట్ అని ఉంది, పేరు, బదులు టెక్స్ట్ ఇస్తే నేర్చుకుంటుంది. సెట్‌ఇన్‌పుట్ పిలిచిన తర్వాతే ఇవ్వాలి. ముందిస్తే మర్చిపోతుంది. ఆ వరస తెలీక నేనొక మధ్యాహ్నం పోగొట్టుకున్నాను.


లైట్‌తీస్కో | రాత్రి 11:52

సీడేటా అన్నందుకు సారీ బ్రో. నా యాప్‌లో కూడా అదే ఈక్వల్ టూ లైను ఉంది, ఇప్పుడే వెళ్లి చూసొచ్చా. మూడేళ్లుగా నడుస్తోంది.


సగంశీర్షిక | శనివారం, సాయంత్రం 5:10

అన్నీ పెట్టాను. ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్, దాని మీద చిన్న జల్లెడ, దాని కింద స్ట్రింగ్‌బిల్డర్. పుల్ పార్సర్‌కి మారడం ఆదివారం తర్వాత. డైమండ్లు పోయాయి, పోస్ట్‌కార్డు లేచి నిలబడింది. సర్వర్ వాళ్లకి లైను, బైట్ రాసి పంపితే నలభై నిమిషాల్లో జవాబొచ్చింది! ఎన్నడూ లేనిది. వాళ్ల ఫారంలోనే ఆ అక్షరాన్ని ఆపేశారట.

పరీక్షకి ఒక చిన్న ఫైల్ తయారు చేసుకున్నాను, తొమ్మిది కథలు. ఒకదాంట్లో & ఉంది, ఒకదాంట్లో అన్నీ అంకెలే, ఒకదాంట్లో సీడేటా, ఒకదాంట్లో 8204, ఒకదాంట్లో శీర్షిక మధ్యలో కొత్త లైను, ఇలా. పదోది బఫర్ అంచు కోసం చేద్దామనుకుంటే అంచు ఎక్కడ పడుతుందో లెక్క కుదర్లేదు. అందుకని ఆ పదో కథ శీర్షికనే నలభై వేల అక్షరాలు చేసి పెట్టాను. మొదటి అక్షరం, చివరి అక్షరం, మొత్తం పొడవు సరిపోతే పాస్.

అయినా ఇవాళ పొద్దున నా ఫోన్‌లో "జవాబులు" మళ్లీ కనిపించింది, అదే వెంట్రుక మందంతో. గుండె జారింది. కొత్త ఫోన్‌లో లేదు, నా ఫోన్‌లోనే ఉంది. అరగంట తర్వాత వెలిగింది: పార్సర్ ఎప్పుడో బాగైంది, కానీ పాత సగం శీర్షికలు డేటాబేస్‌లో అలాగే పడి ఉన్నాయి. ఉన్న కథని మళ్లీ రాయకుండా వదిలేయమని రాసింది నేనే, బ్యాటరీ ఆదా అవుతుందని. డేటాబేస్ వెర్షన్ ఒకటి పెంచి, టేబుల్ ఖాళీ చేయించి, 413 కథలూ మళ్లీ దింపించాను. ఎవరైనా అప్పటికే వేసుకున్న ఇష్టమైన కథల గుర్తులు పోకుండా వాటిని వేరే టేబుల్‌లో ఉంచాను.

లైట్‌తీస్కో గారూ, మీదీ ఒకసారి చూసుకోండి. మూడేళ్ల డేటా అంటున్నారుగా.